కొత్తిమీరకు పేపరు చుట్టమనకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల మీ మహిళల పేజీలో ఒక మూలన చిన్న పెట్టె కట్టి నాలుగు వాక్యాలు వేశారు. కొత్తిమీర ఎక్కువ రోజులు తాజాగా ఉండాలంటే తెచ్చిన వెంటనే శుభ్రంగా కడిగి, న్యూస్‌పేపర్లో చుట్టి, గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలని. మా ఆవిడ ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం బిళ్లతో అంటించింది. అచ్చులో వచ్చిందంటే ఆమెకి ఇక తిరుగులేదు. నేను ఏదన్నా చెబితే మాత్రం ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఒకటే మాట, ‘మీకేం తెలుసండీ’ అని.

మీరు చెప్పినట్టే చేశాం. నాలుగో రోజు చారులోకని డబ్బా మూత తీస్తే గుప్పున కంపు కొట్టింది. పైన రెండు రెమ్మలు పచ్చగానే ఉన్నాయి, లోపలంతా నల్లబడి జిగురుగా తయారైంది. డబ్బా అడుగున మీ పత్రిక అక్షరాలు తిరగబడి దిగి ఉన్నాయి. చదవడానికి ప్రయత్నించాను, ఏదో ఇళ్ల స్థలాల ప్రకటన.

కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. ఇరవై ఆరేళ్లుగా మీ చందాదారుణ్ని. ఆ నాలుగు వాక్యాల్లో రెండు తప్పులున్నాయి, ఎండాకాలంలో మన ఊళ్లో ఆ తప్పులు బాగా ఖరీదవుతాయి. అది చెప్పుకుందామని.

నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాను. (ఇప్పుడు గార్డు అనకూడదట, ట్రైన్ మేనేజర్ అనాలట. 2022లో పేరు మార్చారు. మా రోజుల్లో మేనేజర్ అని ఉంటే పెళ్లిచూపుల్లో కాస్త ఉపయోగపడేది.) ఉండేది విజయవాడ సత్యనారాయణపురంలో. రిటైరైన మర్నాటి నుంచి ఇంట్లో కూరగాయల డ్యూటీ నాదే. స్వరాజ్య మైదానంలో రైతుబజారు ఉన్నన్నాళ్లు సైకిలు మీద అక్కడికి వెళ్లేవాణ్ని. ఇప్పుడక్కడ అంబేడ్కర్ విగ్రహం ఉంది. నేను కేదారేశ్వరపేట రైతుబజారుకి మారాను.

అక్కడ ఆకుకూరలమ్మే అమ్మాయి ఉండవల్లి వైపు నుంచి వస్తుంది. ‘బాబాయ్ గారూ, ఒకటేం చేసుకుంటారు, మూడు తీసుకోండి, తగ్గించి ఇస్తాను’ అంటుంది. ఇంట్లో ఉండేది ఇద్దరం. మాకు ఒక కట్టే నాలుగు రోజులొస్తుంది. అయినా తగ్గించి ఇస్తానంటే మూడు తెచ్చేస్తాను, ఆ బలహీనత నాలో ఉంది. ఒకప్పుడు ఈ బాధ లేదు. అరకిలో టమాటాలు కొంటే కొసరుగా గుప్పెడు కొత్తిమీర, ఒక రెబ్బ కరివేపాకు సంచిలో పడేసేవాళ్లు. ఆ పూటకి ఆ పూటే. కొసరు పోయి కట్ట వచ్చింది, కట్టతోపాటు దాచుకోవడం వచ్చింది.

పైగా కొత్తిమీర చలికాలపు పంట. ఎండ ముదిరితే ఆకు వేయడం మాని పూతకొస్తుంది. అందుకే సంక్రాంతికి పది రూపాయలకి రెండు కట్టలిచ్చిన అమ్మాయే రోహిణీ కార్తెలో ఒక్క కట్టకి ముప్ఫై అడిగింది. అదీ సన్నగా, గడ్డిపరకల్లా ఉంది. ముప్ఫై రూపాయల కట్ట నాలుగో రోజుకి చెత్తబుట్టలో పడితే ప్రాణం ఉసూరుమనదా?

డ్యూటీలో ఉన్నన్నాళ్లు బండి ఏ స్టేషన్‌కి ఎన్నింటికి చేరింది, ఎన్నింటికి కదిలింది, ఎక్కడ ఎందుకు ఆగింది అన్నీ జర్నల్‌లో రాసుకోవడం నా పని. ఆ అలవాటు పోలేదు. ఒక మంగళవారం పొద్దున ఆ అమ్మాయి దగ్గరే ఒకేలాంటివి నాలుగు కట్టలు తెచ్చి, నాలుగు రకాలుగా పెట్టి, పాత డైరీలో రోజూ రాయడం మొదలుపెట్టాను. ఆవిడ ‘వంద రూపాయలు తగలేశారు’ అంది. ఆమె లెక్క తప్పు, అయింది ఎనభయ్యే.

మొదటి కట్ట తెచ్చిన పాలిథిన్ కవర్లోనే, రబ్బరు బ్యాండుతో సహా, ముడేసి పెట్టాను. మనలో చాలామంది చేసేది ఇదే. రెండో రోజుకే కవరు లోపల చెమట పట్టింది. నాలుగో రోజుకి సరిగ్గా రబ్బరు బ్యాండు బిగిసిన చోట కుళ్లు మొదలైంది. అక్కడ కాడలు నలిగాయి, నలిగిన చోట నీరు ఊరింది, గాలి లేదు. ఐదో రోజుకి పారేశాను.

రెండో కట్టని ఏ కవరూ లేకుండా ఫ్రిజ్ అరలో ఊరికే పడేశాను. మర్నాటికి తల వాల్చేసింది. మూడో రోజుకి గలగలా ఎండిపోయింది. ఫ్రిజ్‌లో చల్లగా ఉంటుంది కదా, ఎండదనుకుంటాం. ఆ గాలి పొడి గాలి. ఆకులో ఉన్న నీరంతా లాగేస్తుంది.

మూడోది పాత హార్లిక్స్ సీసాలో. వేళ్లు కడిగి, చివర కాస్త కత్తిరించి, సీసాలో రెండంగుళాల నీళ్లు పోసి, పూలు పెట్టినట్టు నిలబెట్టాను. నీళ్లలో మునిగే కింది ఆకులు గిల్లేశాను. పైన కవరు టోపీలాగా వదులుగా కప్పాను. రోజు విడిచి రోజు నీళ్లు మార్చాను. పన్నెండో రోజు దాకా వాడుకున్నాం. ఇందులో చిక్కల్లా ఒకటే, మాది సింగిల్ డోర్ ఫ్రిజ్. పాల గిన్నె కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా సీసా ఊగుతుంది. ఒకసారి పడింది కూడా. ఆ రోజు డైరీలో ‘యాక్సిడెంట్’ అని రాసుకున్నాను.

నాలుగోదే ఇప్పుడు మా ఇంట్లో స్థిరపడిన పద్ధతి. కట్ట తేగానే రబ్బరు బ్యాండు విప్పేస్తాను. బజార్లో ఆకు వాడకుండా నీళ్లు చల్లుతూనే ఉంటారు కాబట్టి తడిగా వస్తుంది. అందుకని ఫ్యాను కింద పాత గుడ్డ పరిచి అరగంట ఆరబెడతాను. అంతకంటే ఎక్కువ ఆరితే వాడిపోతుంది, మన ఎండాకాలంలో అయితే పదిహేను నిమిషాలు చాలు. పండిన ఆకు, నలిగిన ఆకు, గడ్డి ఏరేస్తాను. కడగను. వేళ్లకి మట్టి ఎక్కువగా ఉంటే వేళ్లు కోసేస్తాను. తర్వాత నా పాత మంగళగిరి పంచె ముక్కలో వదులుగా చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించకుండా ఊరికే ఆనించి, ఫ్రిజ్ అడుగు డ్రాలో పెడతాను. మూడు రోజులకొకసారి తీసి చూడాలి. గుడ్డ చెమ్మగిల్లితే పొడి గుడ్డ మార్చాలి, పాడైన రెమ్మ కనబడితే తీసేయాలి. ఒక్క రెమ్మ కుళ్లినా పక్కవాటికి పాకుతుంది. ఆ కట్ట పదమూడో రోజు అయిపోయింది. కుళ్లిపోయి కాదండీ, మేమే వాడేశాం.

కోసిన తర్వాత కూడా ఆకు బతికే ఉంటుంది. ఊపిరి తీసుకుంటుంది, నీరు వదులుతుంది, కాస్త వేడి కూడా పుట్టిస్తుంది. చల్లగా ఉంటే ఆ ఊపిరి నెమ్మదిస్తుంది. అందుకే ఫ్రిజ్. వదిలిన నీరు ఆకు మీదే బొట్లుగా నిలిస్తే బూజుకి, కుళ్లుకి పండగ. ఎటో పోతే ఆకు ఎండుతుంది. మధ్యలో గుడ్డ ఉంటే ఆ నీటిని పీల్చుకుని కొంచెం కొంచెంగా మళ్లీ గాలికిస్తుంది. ‘చెమ్మ ఉండాలి, తడి ఉండకూడదు, మా అమ్మ ఎప్పుడో చెప్పింది’ అంది మా ఆవిడ, డైరీ అంతా చదివాక. ముందే చెబితే నా ఎనభై రూపాయలు మిగిలేవి.

కాబట్టి మీ చిట్కాలో మొదటి తప్పు, కడగమనడం. కడగాల్సిందే, కాదనను. మందులు కొట్టిన ఆకు, మురికి నీళ్లు చల్లిన ఆకు. కానీ వాడుకునే ముందు, కావలసినంత మటుకే తీసి, వెడల్పు గిన్నెలో రెండు మూడు నీళ్లలో జాడించి కడుక్కోవాలి. దాచేముందు కడిగితే, ఆ రెమ్మల మధ్య తడి మీరెంత దులిపినా పోదు.

రెండో తప్పు, న్యూస్‌పేపరు. నిజం ఒప్పుకుంటాను, పొడి ఆకుని పేపర్లో చుట్టినా కొన్నాళ్లు ఉంటుంది. పేపరు తడి పీలుస్తుంది కాబట్టి. మా వీధిలో చాలామంది అలాగే చేస్తారు, మేమూ ఏళ్ల తరబడి చేశాం. అయితే తడి తగిలిన పేపరు నుంచి అచ్చు సిరా కూడా దిగుతుంది కదా. మా డబ్బా అడుగున దిగింది మరి. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే తినే పదార్థాలు చుట్టడానికి, నిల్వ పెట్టడానికి న్యూస్‌పేపర్లు వాడకూడదని పెట్టింది. 2023 సెప్టెంబరులో మళ్లీ గట్టిగా చెప్పింది. సిరాలో సీసంలాంటి లోహాలు, రసాయనాలు ఉంటాయని, పైగా పేపరు ఎన్నో చేతులు మారి వస్తుందని. ఆ సంగతి అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఇప్పుడు పత్రికే పేపర్లో చుట్టమంటే ఎలా? (బీఆర్‌టీఎస్ రోడ్డు మీద సాయంత్రం పునుగులు కట్టించుకునేది కూడా పేపర్లోనేగా అని మా ఆవిడ అడిగింది. అడిగిందనే రాస్తున్నాను. అప్పటినుంచి స్టీలు గిన్నె తీసుకెళుతున్నాను, పునుగుల కుర్రాడు నవ్వుతున్నాడు.) కాగితమే కావాలనుకునేవాళ్లు ఏమీ అచ్చువేయని తెల్ల టిష్యూ వాడుకోవచ్చు. పాత నూలు గుడ్డ అయితే ఉతికి మళ్లీ వాడొచ్చు, ఖర్చు లేదు.

ఇంకొక సంగతి మీ చిట్కాలో లేదు, నాకూ దెబ్బ తగిలేదాకా తెలియలేదు. మే నెలలో నున్న నుంచి మా తోడల్లుడు బుట్టెడు బంగినపల్లి పళ్లు పంపాడు. బాగా పండినవి ఆరేడు ఫ్రిజ్‌లో, కొత్తిమీర డబ్బా ఉన్న డ్రాలోనే పెట్టాం. రెండు రోజుల్లో కొత్తిమీర పసుప్పచ్చ. కుళ్లలేదు, ఎండలేదు, ముసలిదైపోయింది. పండే పండ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. పండ్ల వ్యాపారులు గదుల్లో పెట్టి మామిడి, అరటి మగ్గించేది కూడా ఆ వాయువుతోనే. పండుని పండించేది ఆకునీ పండించేస్తుంది. మామిడి, అరటి, యాపిల్, బాగా పండిన టమాటా, వీటి పక్కన ఆకు పెట్టకూడదు. మా ఇంట్లో టమాటాలు ఇప్పుడు బయట బుట్టలో ఉంటున్నాయి, రుచి కూడా అలాగే బాగుంది.

ఆకులన్నిటికీ ఒకటే మంత్రం పనిచేయదు. పుదీనా నలిగిందంటే నల్లబడిపోతుంది, దాన్ని కొత్తిమీరతో కలిపి కుక్కకూడదు. నేనైతే వంటింటి కిటికీలో గ్లాసుడు నీళ్లలో నిలబెడతాను. వారం పది రోజుల్లో కాడలకి తెల్లటి వేళ్లు వస్తాయి. అలా వచ్చిన నాలుగు కాడలు పాత పెయింటు బకెట్లో గుచ్చితే పెరట్లో ఇప్పుడు మాకు పుదీనా కొనే పనే లేదు. కరివేపాకు మొండిది. రెబ్బల నుంచి దూసి, తడి లేకుండా ఆరబెట్టి, గుడ్డ వేసిన డబ్బాలో పెడితే మూడు వారాలు పాడవలేదు. మా తోడల్లుడు పెదవడ్లపూడి తోటల నుంచి ఒక్కసారే రెండు కిలోలు తెస్తాడు. అంత వచ్చినప్పుడు సగం పొట్లాలు కట్టి పైన డీప్ ఫ్రీజర్‌లో పెడతాం. వాడేటప్పుడు గడ్డకట్టిన ఆకుని తిన్నగా కాగే నూనెలో వేయకండి, మంచు చిటపటలాడి ముఖాన పడుతుంది. నా కళ్లజోడు కాపాడింది.

కొత్తిమీరని కూడా తరిగి, ఐసు ట్రేలో నీళ్లతో గడ్డ కట్టించొచ్చు. చారుకి, పప్పుకి బాగానే ఉంటుంది. పైన చల్లుకోవడానికి పనికిరాదు. గడ్డకట్టినప్పుడు ఆకు లోపలి పొరలు చిట్లిపోతాయి, కరిగాక మెత్తగా వాలిపోతుంది. అందుకే ఫ్రిజ్‌లో వెనక గోడకి ఆనించి కూడా ఆకు పెట్టకూడదు, మా పాత ఫ్రిజ్‌లో అక్కడ రాత్రికి రాత్రి గడ్డకట్టేది. ఎండబెట్టడం కరివేపాకుకి, పుదీనాకి సరే, అదీ నీడలో. కొత్తిమీర ఎండితే వాసన పోయి గడ్డి మిగులుతుంది. తమలపాకులు మాత్రం ఫ్రిజ్ జోలికి తీసుకెళ్లొద్దు, చలికి నల్లబడతాయి. తడిగుడ్డలో చుట్టి గూట్లో పెట్టి రోజూ ఒకసారి తిరగేసుకుంటే చాలు.

ఇక గోంగూర. గోంగూరని దాచడమంటే నా దృష్టిలో పచ్చడి పెట్టడమే. ఆకు కట్టగా ఉంటే లోపల వేడెక్కి ఒక్క రోజులో గోధుమరంగుకి తిరుగుతుంది. ఈ మాట తేలిగ్గా అనడం లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మా అమ్మాయి వాళ్లు సింగ్‌నగర్‌లో మొదటి అంతస్తులో ఉన్నారు. కింద నీళ్లు, పైన కరెంటు లేదు. ఫ్రిజ్‌లో ఆకులు, పాలు, అన్నీ రెండో రోజుకి పోయాయి. అటక మీద జాడీలో మా ఆవిడ పెట్టిచ్చిన గోంగూర నిల్వ పచ్చడి ఉంది. గ్యాసుంది, బియ్యం ఉన్నాయి. వాళ్లు నలుగురు, కింది వాటా నుంచి పైకెక్కిన ముగ్గురు నాలుగు రోజులు ఆ జాడీ మీద గడిపారు. మా అల్లుడు అంతకుముందు అత్తగారి పచ్చళ్లలో నూనె ఎక్కువని సణిగేవాడు. తర్వాత ఆ మాట నేను వినలేదు.

ఆ జాడీలో గొప్ప రహస్యమేం లేదు. ఆకు కడిగి, నీడలో గుడ్డ మీద తడి పూర్తిగా పోయేదాకా ఆరబెట్టి, నూనెలో దగ్గరపడేదాకా వేయించి, ఉప్పు, చింతపండు, మిరపకాయలు వేసి దంచడం, పైన నూనె తేలేట్టు పోయడం, తడి గరిటె పెట్టకపోవడం. ఉప్పూ పులుపూ అందులో కాపలా కాస్తాయి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య ఫోనులో వీడియోలు చూసి మా కోడలు పచ్చి వెల్లుల్లి, పచ్చి ఆకులు ఊరికే నూనెలో ముంచి సీసాలో పోసి గట్టు మీద పెట్టింది. ఉప్పూ లేదు, పులుపూ లేదు. నూనె కింద గాలి తగలదు. గాలి లేని చోటే పెరిగి విషం తయారుచేసే బోటులిజం సూక్ష్మజీవికి అలాంటి చోటే కావాలి. చూడటానికి, వాసనకి తేడా తెలియకపోవచ్చు. పారేయించాను. ‘మావయ్య గారూ, అందరూ చేస్తున్నారు కదా’ అంది. నేను మరీ గట్టిగా అన్నానేమోనని తర్వాత అనిపించింది కానీ, పారేయించినందుకు మాత్రం బాధలేదు.

మిమ్మల్ని అడిగేవి రెండే. ఇలాంటి చిట్కా వేసేముందు ఆ పేజీ చూసేవాళ్లని ఒక్కసారి మన బజార్లో కట్ట కొని, మన ఎండలో, మన ఫ్రిజ్‌లో పెట్టి చూడమనండి. ఎక్కడో చలి దేశంలో పనిచేసింది ఇక్కడ నలభై నాలుగు డిగ్రీల మే నెలలో పనిచేయాలని లేదు. రెండోది, రైతుబజార్ల అధికారులు మీ పత్రిక చూస్తారు కాబట్టి చెబుతున్నాను. ఆకుకూరల వాళ్లకి నీడ పట్టున చోటు, చల్లుకోవడానికి మంచి నీళ్ల కుళాయి దగ్గర్లో ఉండేలా చూడండి. మేం వెళ్లేచోట పొద్దున ఒక్క బకెట్టు నీళ్లు తెచ్చుకుంటే మధ్యాహ్నం దాకా కట్టలన్నీ అందులోనే ముంచుతున్నారు. ఆ అమ్మాయిని అని లాభం లేదు, దుకాణం వదిలి ఎంత దూరమని వెళుతుంది? అరకట్ట అమ్ముతావా అని కూడా అడిగి చూశాను. ‘మీకైతే ఇస్తాను బాబాయ్ గారూ, అందరికీ చెప్పకండి’ అంది. ఇప్పుడు పత్రికకే రాసేశాను.

చివరగా ఒక చిన్న ఇబ్బంది. మీరు వేసిన ఆ ముక్క ఇంకా మా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. తీసేసి నా డైరీలోది తెల్లకాగితం మీద గుండ్రంగా రాసి అంటిస్తానంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. అచ్చులో వస్తేనే మారుస్తుందట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గూడ్స్ గార్డు,
సత్యనారాయణపురం, విజయవాడ.